బెంగుళూరు మాత్రలు

రెండేళ్ల కిందటి ఎండాకాలం మా చీనీతోటలో మోటరు షెడ్డుకు ఒక మనిషిని గొలుసేసి కట్టేశారు. కట్టేయమన్నది మా మామ నారాయణరెడ్డి. పట్టుకున్నది ఊళ్లో మగవాళ్లు. గొలుసు మా ఎద్దులది. ఎద్దులను అమ్మేసి చాలా కాలమైనా అది కొట్టంలో మేకుకు వేలాడుతూనే ఉండేది.

కట్టుబడ్డవాడి పేరు దేవేంద్రప్ప. ఆదోని పక్క పల్లె నుంచి పెళ్లాం గిడ్డమ్మతో పత్తి తీయడానికని కమలాపురం వైపు వచ్చి, మా తోట కాపలాకు నిలిచిపోయాడు. గట్టిగా మాట్లాడి ఎరగడు. అట్లాంటివాడు ఆ ఏడు శివరాత్రి పోయినప్పటి నుంచి నిద్ర మానేశాడు. బోరు మోటరు తనను తిడుతోందన్నాడు. గిడ్డమ్మను గురించి పాడుమాటలు చెబుతోందన్నాడు. నీళ్లు చాలక బత్తాయి చెట్లు ముడుచుకుపోతున్న రోజులు. ఒక పొద్దున గడ్డపార తీసుకుని స్టార్టరు పెట్టె పగలగొట్టాడు. అడ్డం పోయిన మా ఆయన ఓబుళరెడ్డికి అతను విసిరిన రాయి తగిలి నుదురు చిట్లింది.

"తిక్క ముదిరింది నా కొడుక్కు! కట్టేయండ్రా," అన్నాడు మామ. "చెట్లు ఎండిపోతాండాయి. వీనితో యాడ చచ్చేది?"

గిడ్డమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. "సామీ, నా మొగుడు మంచోడు సామీ. ఏదో రోగమొచ్చినాది. ఆస్పత్రికి తీస్కపోతా, ఇడిసిపెట్టండి."

"ఏ ఆస్పత్రికి పోతావ్? దావలో ఎవున్నన్నా రాయితో కొట్టి సంపితే నువ్వు జవాబు చెప్తావా?"

మామ ఊరి సర్పంచి. ఆయన కాళ్లు విదిలించుకుని పోయాక ఇంకెవరూ నోరెత్తలేదు. ఆ మొగుడూపెళ్లాం ఈ ఊరివాళ్లు కాదు. వాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఎవరున్నారు?

ఇంటికొచ్చి మా ఆయన నుదుటికి పసుపు అద్దాను. అత్త వెంకటలక్ష్మమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది.

"అత్తా, శంకరుకు ఇట్లే అయినప్పుడు మనం కట్టేసినామా? బెంగుళూరుకు తీస్కపోలేదా?" అన్నాను.

ఆమె తెడ్డు అట్లాగే పట్టుకుని నా మీదికొచ్చింది. "నోర్ముయ్! ఆ మాట ఇంకొకసారి ఎత్తితే నాలిక కోసేస్తా. కూలోడికీ మనోడికీ ఒకటే రోగమంటావా? వానికి తిక్క. మనోనికి మనసు బాగలేదు. అంతే."

శంకరు నా మరిది, శివశంకర్. నేను కాపురానికొచ్చిన కొత్తలో అతనికి కూడా ఎవరెవరో మాట్లాడుతున్నట్టు వినిపించేది. ఇంటివాళ్లు రాత్రికి రాత్రే కారెక్కించి బెంగుళూరుకు తీసుకుపోయారు. అక్కడ చల్లటి గదిలో మెత్తని కుర్చీ, చేపల తొట్టి, పేరు పెట్టి మెల్లగా పలకరించే డాక్టరు. మాత్రలు మొదలుపెట్టాక శంకరు మళ్లీ మనిషయ్యాడు. తోట పని చూసుకునేవాడు, నా వంటకు వంకలు పెట్టేవాడు. మూడు నెలలకొకసారి మా ఆయన అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాడు. ఊళ్లో మాత్రం చీనీకాయల మార్కెట్టు పని మీద పోయినారని చెప్పుకునేవాళ్లం. మాత్రలు పూజగదిలో కుంకుమ డబ్బాల వెనక ఉండేవి.

ఆ ఎండాకాలమే అతనికి జమ్మలమడుగు నుంచి సంబంధం కుదిరింది. పిల్ల పేరు శిల్ప. వైశాఖంలో తాంబూలాలు. అందుకే ఇల్లంతా నోటికి తాళం వేసుకుని తిరుగుతోంది.

దేవేంద్రప్పను కట్టేసిన వారంలోనే జెస్సీ మా ఇంటికి వచ్చింది. జెస్సీ ఊరి క్లినిక్కులో నర్సు. కాలనీ పిల్లే. కడపలో చదువుకుని, పుట్టిన ఊరికే ఉద్యోగం మీద వచ్చింది. మామ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. ఎండలోనే నిలబడి మాట్లాడింది.

"సార్, దేవేంద్రప్ప కాలికి గొలుసు కోసుకపోయి పుండు పడింది. తీయించండి. కడప నుంచి మనసు డాక్టర్లు నెలకొకసారి మండలానికి వస్తాండారు. మన చుట్టుపక్కల ఊర్లలో ఇట్లాంటోళ్లు శానామందే ఉండారు. బస్సెక్కించి తీస్కపోలేక ఇండ్లల్లో తలుపులేసి పెట్టుకోనుండారు. మన క్లినిక్కుకే రండి అంటే డాక్టర్లు వస్తామన్నారు. మీరు ఊ అంటే సాలు."

"ఊ అంటే?" మామ నవ్వాడు. "నాలుగూర్ల తిక్కోళ్లంతా మా ఊర్లో చేరతారు. తిక్కోళ్ల ఊరని పేరొస్తాది. ఈ ఊరికి పిల్లనిచ్చేటోడుంటాడా?"

"రోగాన్ని రోగమంటే ఊరికేమయితాది సార్? మనిషిని గొలుసుతో కట్టేయడానికి చట్టం ఒప్పుకోదు."

"చట్టం నాకు చెప్తాండావా? మీ నాయన మా కళ్లంలో కసువు ఊడ్చినోడు. తెల్లకోటు తొడుక్కుంటానే చట్టమొచ్చిందా నీకు?"

జెస్సీ ముఖం నల్లబడింది. కానీ గొంతు తగ్గించలేదు. "మా నాయన ఊడ్చినాడు సార్. నేను ఊడ్చను," అని గేటు తీసుకుని వెళ్లిపోయింది.

నేను వెనక్కి తిరిగేసరికి నడవ తలుపు పక్కన శంకరు నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం తోటలోకి పోతే నేల చెప్పుల్లోంచి కాలేది. దేవేంద్రప్పకు అన్నం పెట్టొద్దని ఎవరూ అనలేదు. ఎవరు పెట్టాలో కూడా చెప్పలేదు. గిడ్డమ్మ కూలికి పోయిన రోజుల్లో నేనే సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పట్టుకుపోయేదాన్ని. ఒకరోజు పోయేసరికి షెడ్డు నీడలో అతని పక్కన శంకరు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నేను చెట్టు చాటునే ఆగిపోయాను.

"చిన్నరెడ్డీ, నీకు ఇనపడల్యా?" అంటున్నాడు దేవేంద్రప్ప. "ఇప్పుడు గూడా తిడతాంది చూడు."

"కరెంటు ల్యాక మోటరు ఆగిపోయుండాదప్పా."

"ఆగిపోయినా తిడతాంది."

శంకరు అతని పక్కకు ఇంకాస్త జరిగాడు. తర్వాత అన్నాడు: "నన్ను ఫ్యాను తిడతాండె. నిజం మాటల మాదిరే ఉంటాయి. మనకు తెలిసినోళ్ల గొంతులే ఉంటాయి. కానీ అవి మాటలు కావు దేవేంద్రా. రోగం."

దేవేంద్రప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. శంకరు కాళ్ల వైపు కూడా చూశాడు.

"అట్లయితే నిన్ను గూడా కట్టేసినారా?"

శంకరు తల అడ్డంగా ఊపాడు. అంతలో నన్ను చూసి, ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా లేచి, చెట్ల మధ్యలోంచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు దేవేంద్రప్ప కాస్త నెమ్మదించాడు. అడిగి తిన్నాడు. రాత్రిళ్లు కునుకు పట్టింది. దర్గా నుంచి తెచ్చి కట్టిన తాయెత్తు పనిచేసిందని గిడ్డమ్మ ఊరంతా చెప్పుకుంది. ఇంట్లో శంకరు మాత్రం మారుతూ వచ్చాడు. కళ్లు ఎర్రబడ్డాయి. కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు చూసేవాడు. ఫ్యాను వేస్తే లేచి వెళ్లిపోయేవాడు. "పెండ్లి బెరుకు," అంది అత్త. నాకు అనుమానం వచ్చి అడిగితే, "మాత్రలు తింటానే ఉండా వదినా," అన్నాడు.

తాంబూలాల ముహూర్తం ఖాయం చేసుకుపోవడానికి పిల్ల మేనమామ జమ్మలమడుగు నుంచి వచ్చిన రోజే గిడ్డమ్మ రొమ్ము బాదుకుంటూ మా వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా! నా మొగుని మెడ తిరిగిపోయినాదమ్మా! నోరు పడిపోయినాది!"

నేను ఎవరినీ అడగలేదు. గొలుసు తాళంచెవి మామ చొక్కా జేబులో ఉంటుంది. కొక్కెం నుంచి చొక్కా లాగి తాళంచెవి తీసుకుని తోటకు పరిగెత్తాను. దేవేంద్రప్ప మెడ ఒక పక్కకు మెలిపెట్టినట్టు బిగుసుకుపోయింది. దవడ కదలడంలేదు. కళ్లు పైకి పోయి తెల్లగుడ్లు కనిపిస్తున్నాయి. చీనీకాయల కూలీలు అతన్ని మంచం మీద మోసుకుని క్లినిక్కుకు తెచ్చారు.

మేము చేరేలోపే మాట ఊరంతా పాకింది. పుండు కడగడానికి జెస్సీ అప్పుడప్పుడూ తోటకు పోయొస్తుండేది. ఆమే దొంగచాటుగా ఏదో మందు మింగించిందన్నారు. జెస్సీ 108కి ఫోను చేస్తుండగానే జనం మూగారు. ఆమె మమ్మల్ని లోపలికి లాగి గడియ పెట్టింది. రాయి వచ్చి కిటికీ అద్దం మీద పడింది.

"బయటికి రా! తిక్కోని మీద మందులు పరీక్ష చేస్తాండావా?"

"డాక్టర్లను దింపాలని వాన్ని సంపుతాంది!"

జెస్సీ చేతుల మీద గాజుపెంకులు. ఆమె అవి దులుపుకోనైనా లేదు. గిడ్డమ్మ భుజాలు పట్టి కుదిపింది. "ఏం మింగించినావు? నిజం చెప్పు. మందు తేడా చేస్తే ఇట్లయితాదని చదివినా. ఏం మందో తెల్లేదంటే ఆడ డాక్టరుకు నేనేమి చెప్పాల?"

"ఏసు సామి తోడు, అల్లా తోడు, మా ఎల్లమ్మ తోడు! నేనేమీ ఇయ్యల్యా!"

బయట మామ గొంతు వినిపించింది. "తలుపు తెరువు జెస్సీ! మా తోట మనిషికి ఏం జేసినావో అందరి ముందర చెప్పు!" గొలుసేసినవాడికి అప్పుడు గుర్తొచ్చింది, అతను తన తోట మనిషని. పగిలిన కిటికీలోంచి చూశాను. మామ పక్కనే, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో, పిల్ల మేనమామ నిలబడి ఉన్నాడు.

అప్పుడు జనం అటూ ఇటూ జరిగారు. శంకరు వచ్చాడు. పరిగెత్తలేదు, నడిచే వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు. కిటికీ ముందుకొచ్చి, జేబులోంచి మాత్రల అట్ట తీసి, పగిలిన అద్దం సందులోంచి లోపలికి అందించాడు.

"ఇది డాక్టరుకు చూపీ. నేనిచ్చినా. నేను తినేటివే. సగం నేను తిని సగం వానికిచ్చినా."

గోల ఒక్కసారిగా ఆగిపోయింది. మంచం మీద దేవేంద్రప్ప గురగుర తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"ఏం మాత్రలప్పా అవి?" అన్నాడు పిల్ల మేనమామ.

"నిద్దరకు..." అని మామ అందుకోబోయాడు. "ఎండాకాలం కదా, నిద్దర పట్టక..."

"తిక్కకు," అన్నాడు శంకరు. "వానికుండేదే నాకూ ఉండాది."

జెస్సీ అట్ట తీసుకుంది. ఆమె మీదికి ఊరు ఎగబడినప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. "ఒకరి మందు ఇంకొకరికి ఎట్లిస్తావు? వాని పానం పోయుంటే? నువ్వు సగం తింటే నీకేమయితాదో తెలుసా?"

"తెలుసు. గొలుసు తీయించలేకపోతి. నా చేతిలో ఇదొకటే ఉండె."

అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో సూది వేశాక పొద్దు వాలేలోపే దేవేంద్రప్ప మెడ వదులైంది. అతనికి పడే మందు, పడే మోతాదు అక్కడి డాక్టరు చూసి రాశాడు. ఆ తర్వాత ఎవరూ అతనికి గొలుసు వేయలేదు. వేయడానికి అతను మా తోటలో ఉంటే కదా! గిడ్డమ్మ గిన్నెలూ బొంతలూ మామ ఆరోజే గట్టు మీద పడేయించాడు. వాళ్లకు కాలనీలో జెస్సీ చిన్నాయన ఇంట్లో ఒక గది దొరికింది.

పిల్ల మేనమామ మా ఇంట్లో మజ్జిగైనా తాగకుండా కారెక్కాడు. సంబంధం తప్పిపోయింది. అత్త నా మీద విరుచుకుపడింది.

"తాళం దొంగిలించి పోయినావే! కూలోని కోసం నా కొడుకును బజార్లో నిలబెట్టినావే! నీ కడుపున పుట్టినోడయితే ఇట్లే చేస్తాంటివా?"

"నా కడుపున పుట్టినోడయినా ఇదే చేస్తా," అన్నాను. ఆమె నా ముందున్న కంచం ఎత్తి వాకిట్లోకి విసిరింది. ఆ పూట నుంచి నా పొయ్యి వేరైంది. మామ ఈరోజుకీ నాతో మాట్లాడడు. మా ఆయన అటు అనలేక ఇటు అనలేక నుదుటి మచ్చ తడుముకుంటూ కూర్చునేవాడు.

శంకరుకు మాత్రం బాగాలేదు. ఫ్యాను మళ్లీ మాట్లాడుతోందని నాతో చెప్పాడు. మామ కారు తీయించి గేటు ముందు పెట్టించాడు. "బెంగుళూరికి పా. అయిందేదో అయింది. ఈసారి ఆడే ఉండు, ఊరు మర్చిపోయేదాకా."

"నేను రాను నాయనా. దేవేంద్రప్ప యాడ సూపించుకుంటే నేనూ ఆడనే సూపించుకుంటా."

"నాతో పంతమా? వానికి గతి ల్యాక పోతాండాడు. నీకేం కర్మ?"

"పంతం కాదు. బెంగుళూరు మాట ఇంక దాచలేను. దాస్తాంటే ఆ మాటలు ఇంకా గట్టిగా ఇనపడతాండాయి."

మామ చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన చేత్తోనే కారు అద్దం మీద గుద్ది లోపలికి పోయాడు.

ఆ గొడవ కడప దాకా పోయింది. డాక్టర్లు మా ఊరికి వస్తామని కబురు పంపారు. అద్దాలు పగిలాయి, రిపేర్లున్నాయి అని మామ క్లినిక్కుకు తాళం వేయించాడు. జెస్సీ ఇంకోసారి మా గేటు దగ్గరికి రాలేదు. కాలనీలో చర్చి వసారా ఊడ్పించి, చాపలు పరిపించి, డాక్టర్లను అక్కడికే రమ్మంది.

తొలకరి ఇంకా పడలేదు. ఉక్కపోత. మొదటి రోజున మా వీధి నుంచి ఒక్కరూ రాలేదు. చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చారు. పురిట్లో బిడ్డను పోగొట్టుకుని మాట మానేసిన ఒక కోడలిని వాళ్లమ్మ చెయ్యి పట్టి నడిపించుకొచ్చింది. మంగంపేట గనుల్లో పనిచేసి వచ్చినవాడొకడు చప్పుడంటే భయమని గోడ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. గిడ్డమ్మ మొగుడి తలకు నూనె రాసి, నున్నగా దువ్వి తెచ్చింది. శంకరు గడ్డం గీసుకుని వచ్చి దేవేంద్రప్ప పక్కన చాప మీద కూర్చున్నాడు. నేను అతని వెనక కూర్చున్నాను.

రోడ్డు మీద బండి ఆపుకుని మా వీధివాళ్లు ఇద్దరు కేక వేశారు. "చూడప్పా, రెడ్డి కొడుక్కు కాలనీలో చాపేసినారు!" వాళ్ల నవ్వుకు చర్చి ముందరి కుక్క కూడా లేచి మొరిగింది. శంకరు మెడ వంచలేదు కానీ అతని వేళ్లు చాప అంచు పీకుతుండడం చూశాను. దేవేంద్రప్ప తన చెయ్యి తీసి ఆ వేళ్ల మీద పెట్టాడు.

ఇంతలో మామ వచ్చాడు. బండి దిగీ దిగకముందే అరుపు మొదలుపెట్టాడు. "లెయ్! నా పరువు తీసింది సాలు! లేసి ఇంటికి పా!"

కూర్చున్నవాళ్లంతా బెదిరి చూశారు. మాట మానేసిన కోడలు తల్లి కొంగులో ముఖం దాచుకుంది. జెస్సీ మెట్ల మీదికొచ్చి అడ్డం నిలబడింది.

"సార్, ఈడ రోగులుండారు. అరవాల్నంటే రోడ్డు మీదికి పోయి అరవండి."

అంతమంది ముందు మామకు ఆ మాట చెప్పినవాళ్లు అంతవరకు లేరు.

"ఇంగ నా వంతే నాయనా," అన్నాడు శంకరు. "కూర్చో. అయినాక పోదాము."

మామ కూర్చోలేదు. పోనూ లేదు. ఎండలోనే, చేతులు నడుము మీద పెట్టుకుని, ఎవరైనా ఇంకో మాటంటే మీద పడేటట్టు నిలబడ్డాడు. మెడ మీదినుంచి చెమట కారి చొక్కా తడిసిపోతోంది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

లోపలి నుంచి డాక్టరు పిలిచింది. "శివశంకర్ రెడ్డి!"

శంకరు లేచి గడప దాకా పోయాడు. ఆమె తలెత్తి చూసి, "ఒక్కడివే వచ్చినావా? వెంట ఇంటోళ్లు ఎవరొచ్చినారు? వాళ్లతోనూ మాట్లాడాల," అంది.

నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని లేవబోయాను.

"నేను వాని నాయన!" అని వెనక నుంచి మామ అరిచాడు. తగాదాకు దిగినట్టే అరిచాడు. మెట్టు కింద చెప్పులు విడిచి, జెస్సీని తప్పించుకుని, నా వైపు చూడకుండా, కొడుకు వెంట లోపలికి పోయాడు.